జామకాయకు భయం, సంగటికి లెక్క లేదు: అనంతపురం నుంచి ఒక షుగర్ కేసు

అన్నం మానేసి షుగర్ తగ్గించుకున్న ఒక మనిషి, తగ్గింది మళ్లీ ఎక్కడ పెరుగుతుందోనని బీరకాయను కూడా పళ్లెంలోంచి తీసేశాడు. క్లినిక్‌కు వచ్చేనాటికి పిండిపదార్థం తగ్గించిన మేలూ, కూరగాయలూ పండ్లూ వదిలేసిన కీడూ ఒకే రిపోర్టులో కనిపిస్తున్నాయి. ఏది దేనివల్ల వచ్చిందో విడదీయడానికి ఆరు నెలలు పట్టింది. మధ్యలో మేమిచ్చిన సలహా కూడా తప్పింది. అది కూడా దాచకుండా రాస్తున్నాం. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

నేపథ్యం

వయసు 50 దాటిన మగమనిషి. అనంతపురం జిల్లాలో ఒక పట్టణం. పొద్దున నుంచి రాత్రి దాకా అంగడిలో కూర్చునే పని, తూకంతో సంబంధమున్న వ్యాపారం. ఈ తూకం సంగతి తర్వాత పనికొచ్చింది. షుగర్ బయటపడి 8 ఏళ్లు. మందులు: షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. రెండు పూటలా, గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా. రెండు పూటలా, బీపీకి టెల్మిసార్టన్ 40 మి.గ్రా., కొలెస్ట్రాల్‌కు రాత్రి అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. ఎత్తు 168 సెం.మీ., బరువు 84 కిలోలు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.2. ఇవి ఆయన సొంతంగా డైట్ మొదలుపెట్టకముందు అంకెలు.

అప్పటి తిండి మన వైపు ఇళ్లలో మామూలుగా ఉండేదే. పొద్దున ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. మధ్యాహ్నం రాగి సంగటి, పప్పు, ఊరిబిండి (శెనక్కాయల పచ్చడి). రాత్రి అన్నం, చారు, పెరుగు. మధ్యలో మూడుసార్లు చక్కెర వేసిన టీ. లెక్క కడితే రోజుకు 320 గ్రాములకు తక్కువ కాకుండా పిండిపదార్థం పడుతోంది. కూరగాయలు ఎంత అని అడిగితే "రోజూ పప్పాకు ఉంటాది కదా" అన్నారు. నలుగురు తినే ఆ పప్పులో పడేది ఒక చిన్న తోటకూర కట్ట. కాడలు, వేర్లు తీసేస్తే మనిషికి పాతిక గ్రాముల ఆకు. మిగతాదంతా ఉర్లగడ్డ వేపుడు, పచ్చళ్లు. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాంట్లో ఉర్లగడ్డ లెక్కకు రాదు. పచ్చడిని కూడా మేం కూరగాయల్లో వేయం.

అప్పుడు ఫోన్‌లో తిరిగే ఒక పద్ధతి ఆయనకు దొరికింది. ధాన్యం, పప్పు, పండు అన్నీ బంద్. గుడ్లు, కోడికూర, పనీరు, రోజుకు 70 మి.లీ. కొబ్బరినూనె, నాలుగు లీటర్ల నీళ్లు. కూరగాయల్లో కొన్నింటిని తినవచ్చని ఆ పద్ధతిలోనే ఉంది. కానీ "భూమిలో పెరిగేవి, తియ్యగా ఉండేవి వద్దు" అన్న మాట ఇంట్లో చేతులు మారి, చివరికి ఒక దోసకాయ, అర టమాటా దగ్గర ఆగింది. కొలెస్ట్రాల్ మాత్ర కూడా అదే ఊపులో మానేశారు. పది వారాలు గట్టిగా పాటించారు.

వచ్చిన సమస్య

బరువు 76 కిలోలు. హెచ్‌బీఏ1సీ 7.3. రక్తంలో కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు 236 నుంచి 128కి దిగాయి. ఈ మూడింటినీ తక్కువ చేసి మాట్లాడితే రోగి మళ్లీ రాడు, నిజాయతీగా చూసినా అవి మంచి అంకెలే. పిండిపదార్థం తగ్గితే భోజనం తర్వాత షుగర్ దిగుతుంది, బరువూ దిగుతుంది. ఇందులో వాదన లేదు.

ఆయన వచ్చింది మాత్రం వేరే బాధలతో. సాయంత్రం ఐదు ప్రాంతంలో అంగడిలో రెండుసార్లు కళ్లు తిరిగి, చెమటలు పట్టి కూలబడ్డారు. ఒకసారి మీటర్‌లో చూస్తే 58. నాలుగైదు రోజులకోసారి విరేచనం, మొలల నుంచి రక్తం. రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం. రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 98 నుంచి 172కి పోయింది.

58 ఉన్నప్పుడు ఏం తిన్నారని అడిగితే, ఉడికించిన గుడ్డు తిన్నానన్నారు. ఎదురుగా టీ అంగట్లో చక్కెర డబ్బా ఉంది. చక్కెర ముట్టుకుంటే పది వారాల కష్టం పోతుందని భయం. గుడ్డులో పిండిపదార్థం దాదాపు ఉండదు, పడిపోయిన షుగర్‌ను అది లేపలేదు. 70 కంటే దిగితే మూడు చెంచాల చక్కెర, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలుపుకుని తాగాలి. 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే తాగాలి. ఆ రోజు మేం మొదట రాసిచ్చిన కాగితం ఇదే. డైట్ చార్టు తర్వాతి సంగతి.

మొదటి నిర్ణయం: తిండి కంటే ముందు మందులు

గ్లిమెపిరైడ్ క్లోమగ్రంథి చేత బలవంతంగా ఇన్సులిన్ వదిలిస్తుంది. ముందున్న తిండిలో ఎంత ఉందో, లేకుండా పోయిందో దానికి తెలియదు. 320 గ్రాముల పిండిపదార్థానికి సరిపడా రాసిన మోతాదు, 40 గ్రాములు తినే మనిషికి అలాగే నడుస్తోంది. షుగర్ పడిపోకపోతేనే ఆశ్చర్యం. ఫిజీషియన్ సాయంత్రం మోతాదు ఆపేసి, పొద్దుటిది 1 మి.గ్రా. చేశారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేటప్పుడు షుగర్ ఇలా పడిపోవడం అరుదు కాబట్టి దాన్ని కదిలించలేదు.

కళ్లు తిరగడానికి ఇంకో కారణం ఉండొచ్చని కూర్చోబెట్టి, నిలబెట్టి బీపీ చూశాం. కూర్చున్నప్పుడు 112/70, నిలబడి రెండు నిమిషాలకు 92/60. పిండిపదార్థం బాగా తగ్గించిన తొలి వారాల్లో ఇన్సులిన్ దిగి, మూత్రంలో ఉప్పూ నీళ్లూ ఎక్కువగా పోతాయి. బరువు తగ్గినా బీపీ దిగుతుంది. పాత టెల్మిసార్టన్ 40 ఇప్పుడు ఎక్కువైంది, 20 చేశారు. అంటే ఆయన ఒకే మాటతో చెప్పిన "కళ్లు తిరగడం" రెండు వేరు వేరు సంగతులు. చెమటలతో వచ్చేది షుగర్‌ది, లేచి నిలబడితే వచ్చేది బీపీది. మీటర్ అంకె ఒక్కటే చూసి ఉంటే రెండోది తప్పిపోయేది.

కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9, పొటాషియం 4.2, మూత్రంలో అల్బుమిన్ లేదు. ఆకుకూరలు, పండ్లు పెంచమని చెప్పేముందు ఈ మూడూ చూడాలి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, అందులోనూ టెల్మిసార్టన్ లాంటి మాత్ర మీద ఉన్నవాళ్లకు, ఇదే సలహా పొటాషియంను ప్రమాదం దాకా తీసుకుపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఇలాంటి గట్టి డైట్ సొంతంగా మొదలుపెట్టనే కూడదు. షుగర్ అంకె పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుపోయి ఆస్పత్రి పాలయ్యే అవకాశం ఉంది. ఈయన వాటి మీద లేకపోవడం అదృష్టం.

నాలుగు లీటర్ల నీళ్ల గురించి ఒక మాట. ఈ జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. పరిమితి దాటుతుంది. నీళ్లు రెట్టింపు తాగితే అదీ రెట్టింపు పోతుంది. ఏ నీళ్లు తాగుతున్నారని అడిగాం. ఇంట్లో క్యాను నీళ్లు, అంగడి దగ్గర బోరు. దాహానికి తగినంత చాలని చెప్పాం.

ఎల్‌డీఎల్ గురించి ఆ రోజు ఏమీ తేల్చలేదు. కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వు ఎక్కువ, అది ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. తిండిలో పీచు దాదాపు లేకుండా పోయింది. దానికితోడు కొలెస్ట్రాల్ మాత్ర ఆపారు. మూడూ ఒకే వారంలో మారాయి కాబట్టి 74 పాయింట్లలో దేని వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. మాత్ర మళ్లీ మొదలుపెట్టి, నూనెను రోజుకు నాలుగు చెంచాల వేరుశనగ నూనెకు మార్చాం. తర్వాత అంకె దిగినా ఆ ఘనత కూరగాయలకు ఇవ్వకూడదని షీటులోనే రాసుకున్నాం.

విఫలమైన మొదటి పథకం

ఆ రోజు మేం చెప్పింది ఇది: పూర్తిగా మానేయడం నిలబడదు, మధ్యాహ్నం సంగటి, రాత్రి కొర్రన్నం మొదలుపెట్టండి, రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినండి. చెప్పినప్పుడు బాగానే అనిపించింది.

రెండు వారాల తర్వాత వచ్చారు. మధ్యాహ్న భోజనం మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు 236, 249. రాత్రి 218. కూరగాయలు ఐదో రోజే ఆపేశారు, కడుపు ఉబ్బరించి నిద్ర లేదట. "కూరగాయలు తిన్నప్పట్నుంచే లేచింది సార్ షుగరు. నాకవి పడవు" అన్నారు.

ఆయన తర్కంలో తప్పేమీ లేదు. సంగటీ కూరగాయలూ ఒకే రోజు మొదలయ్యాయి, షుగర్ లేచింది, కడుపు ఉబ్బింది. ఏది దేనివల్లో తెలుసుకునే దారి మేమే మూసేశాం. అప్పటికే అనుమానమున్న మనిషి, తప్పును కొత్తగా వచ్చిన కూరగాయల మీదికి తోశాడు. చిన్నప్పటి నుంచీ తింటున్న సంగటి మీద అనుమానం ఎందుకొస్తుంది?

మూడోసారి రమ్మన్నప్పుడు వంట చేసేవాళ్లను వెంట తీసుకురమ్మన్నాం. ఇది మొదటి రోజే చేయాల్సింది. ఆయన భార్య వచ్చారు. సంగటి ఎలా చేస్తారమ్మా అని అడిగితే, "రెండు గ్లాసుల బియ్యం ఉడకనిచ్చి, ఒకటిన్నర గ్లాసు రాగిపిండి పోసి కెలుకుతాను" అన్నారు. పేరుకు రాగి సంగటి, బరువులో మూడింట రెండొంతులు బియ్యం. ముద్ద ఎంత ఉంటుందంటే అరచేతులు రెండూ దూరంగా పెట్టి చూపించారు.

తూకం మాట అక్కడే వచ్చింది. ఆయనకు కంటితో బరువు చెప్పగలనన్న ధీమా ఉంది. ముద్ద 200 గ్రాములుంటుందన్నారు. మర్నాడు ఇంట్లో తూచి ఫోన్ చేశారు: 430. గొంతులో కొంచెం సిగ్గు కూడా ఉంది. ఆ ముద్దలో పొడి ధాన్యం సుమారు 105 గ్రాములు, పిండిపదార్థం 75 నుంచి 80 గ్రాములు. గట్టి డైట్‌లో రోజంతా తిన్నదానికి ఇది దాదాపు రెట్టింపు, ఒక్క ముద్దలో.

ఇక్కడ చిరుధాన్యాల మీద ఉన్న నమ్మకం గురించి చెప్పాలి. వంద గ్రాముల పచ్చి బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములుంటే, రాగుల్లో 70కి అటూఇటూ. రాగుల్లో పీచు, కాల్షియం ఎంతో ఎక్కువ, వంద గ్రాముల్లో కాల్షియమే 340 మి.గ్రా. పైన ఉంటుంది, అందుకని అవి మంచివే. కానీ మెత్తగా పిండి పట్టించి, బాగా ఉడికించి, కట్టెతో కెలికిన సంగటి అరగడానికి ఎంతో సేపు తీసుకోదు. "రాగులు కదా, ఎంతైనా తినొచ్చు" అన్న మాట మన జిల్లాల్లో చాలామంది షుగర్‌ను దిగనివ్వడం లేదు.

రెండో పథకం: ఒక్కోసారి ఒక్కటే

ఈసారి వరస మార్చాం. మొదటి వారం సంగటి ఒక్కటే మారుతుంది. ముద్ద 150 గ్రాములు, తూచి. కూరగాయలు అప్పటిదాకా తింటున్నంతే. పండు లేదు. బియ్యం, పిండి పాళ్లు కూడా మార్చమన్నాం: ఒక గ్లాసు బియ్యపు నూక, రెండు గ్లాసుల పిండి. దీనివల్ల పీచు పెరుగుతుంది తప్ప పిండిపదార్థం పెద్దగా తగ్గదని ముందే చెప్పాం, లేకపోతే పాళ్లు మారాయి కదా అని ముద్ద మళ్లీ పెరుగుతుంది. మొదటి రెండు రోజులు సంగటి మధ్యలో పచ్చిపిండి మిగిలి గడ్డలు కట్టింది. పిండి పెరిగినప్పుడు నీళ్లూ పెరగాలి. నూక మెత్తబడ్డాక పిండిని కుప్పగా పోసి, మధ్యలో కట్టెతో గుంట చేసి, మూత పెట్టి సన్నమంట మీద పది నిమిషాలు వదిలేసి, ఆ తర్వాతే కెలకాలి. మూడో రోజుకు కుదిరింది.

వారం రోజుల రెండు గంటల రీడింగులు 161 నుంచి 174 మధ్య. అప్పుడు ఆయనకు తెలిసింది లేపింది ఎవరో.

రెండో వారం నుంచి కూరగాయలు, వారానికి వంద గ్రాముల చొప్పున. మొదట బీరకాయ, సొరకాయ, పొట్లకాయ. ఇవి నీరెక్కువ, మెత్తగా ఉడుకుతాయి, కడుపుకు తేలిక. తర్వాత ఆకుకూరలు, బెండకాయ, కాకరకాయ. గోరుచిక్కుడు, క్యాబేజీ చివర్లో. పీచు పేగుల్లోని సూక్ష్మజీవులకు తిండి, దాన్ని పులియబెట్టి అవి గ్యాస్ పుట్టిస్తాయి. పది వారాలు పీచు లేని కడుపులోకి ఒక్కరోజులో 400 గ్రాముల కూర పోతే ఉబ్బరించక ఏమవుతుంది? మొదటి పథకంలో మేం గోరుచిక్కుడుతోనే మొదలుపెట్టమని రాసి ఉన్నామని పాత కాగితం చూస్తే తెలిసింది.

జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల తిండికి పీచు 30 గ్రాముల దాకా ఉండాలంటుంది. గట్టి డైట్‌లో ఆయనకు అందింది ఐదారు గ్రాములు. నాలుగో వారానికి 28 దాటింది. రోజూ విరేచనం కావడం మూడో వారంలోనే మొదలైంది, రక్తం ఆగింది. పిక్కల నొప్పులు అంతకు ముందే, మజ్జిగలో ఉప్పు వేసుకోవడం, బీపీ మాత్ర తగ్గడం జరిగిన వారంలోనే పోయాయి. కాబట్టి వాటిని కూరగాయల ఖాతాలో వేయలేదు.

తినే వరస కూడా మార్చాం. ముందు కూర, పప్పు, గుడ్డు. సంగటి చివర. కడుపులో పీచూ మాంసకృత్తులూ ముందుంటే వెనక వచ్చే పిండిపదార్థం మెల్లగా రక్తంలోకి దిగుతుంది. దీన్ని ఇంట్లో పాటించడం కష్టమైంది. సంగటి లేకుండా ఉత్త కూర ముందు తినడం ఏమిటని ఆయనే గొణిగారు. చివరికి సగం కూర ముందు, మిగతా సగం సంగటితో అన్నచోట రాజీ కుదిరింది. అదే బాగా నడిచింది.

పండు దగ్గర జరిగింది

ఐదో వారం పండు మొదలుపెట్టాలి. ఆయన ససేమిరా అన్నారు. కారణం అడిగితే పాత కథ బయటికొచ్చింది. డైట్ మొదలుపెట్టకముందు, ఒక వేసవిలో మామిడిపండు తొక్క తీసి రెండు ముక్కలు నోట్లో వేసుకుని, ఎంత పెరుగుతుందో చూద్దామని వెంటనే మీటర్ పెట్టారు. 342 వచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆయనకు పండు లేదు. చీనీ (బత్తాయి) తోటలున్న జిల్లాలో, పండ్ల బళ్ల మధ్య అంగడి నడుపుతూ, పండు వైపు చూడని మనిషి.

తిన్న రెండు నిమిషాల్లో రెండు ముక్కల మామిడి షుగర్‌ను 342కు చేర్చలేదు. చేతులు కడుక్కున్నారా అని అడిగాం. "స్పిరిట్ దూదితో తుడుచుకున్నా" అన్నారు. క్లినిక్‌లోనే చేసి చూపించాం. ఒక చీనీకాయ ఆయనచేతే ఒలిపించాం. తినలేదు, ఒలవడం మాత్రమే. వేలిని స్పిరిట్ దూదితో తుడిచి చుక్క తీస్తే 287. సబ్బుతో, కుళాయి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, రెండో చేతి వేలి నుంచి తీస్తే 139. స్ట్రిప్పు పీల్చుకునేది ఒక్క మైక్రోలీటరు కూడా ఉండదు. వేలి మీద పండు రసం మరక ఏమాత్రం ఉన్నా అందులోని చక్కెర అంకెను ఎక్కడికో లేపేస్తుంది. స్పిరిట్ దాన్ని పూర్తిగా పోగొట్టదు. పక్కనే ఉన్న భార్య "రెండేండ్లు పండు లేకుండా చేస్తివి కదా" అంటూ ఆయన్ను చూసిన చూపు షీటులో రాయలేదు గానీ, ఆ రోజుతో పండు సమస్య తీరిపోయింది.

తర్వాత ఆయనకు తూకం, మీటర్ రెండూ ఇచ్చి లెక్క రాయమన్నాం. సాయంత్రం నాలుగున్నరకు, మధ్యాహ్న భోజనమై మూడున్నర గంటలు దాటాక, చేతులు కడుక్కుని ఒక రీడింగు. పండు తిన్న గంటకు ఒకటి. ఒక్కో పండు రెండు రోజులు. సగటు పెరుగుదల ఇలా వచ్చింది: జామకాయ 100 గ్రాములకు 26, చీనీ తొనలు 150 గ్రాములకు 34, బొప్పాయి 150 గ్రాములకు 38, చిన్న అరటిపండు 80 గ్రాములకు 49, చక్కెర వేయని చీనీ రసం 250 మి.లీ.కు 81. రసానికి మూడు కాయలు పట్టాయి, పీచు పిప్పిలో పోయింది. అంటే చక్కెర ఎక్కువ, అది దిగే వేగమూ ఎక్కువ. ఇవన్నీ ఒక మనిషి అంకెలు, ఇంకొకరికి ఇలాగే రావాలని లేదు. మీటర్‌కే 15 శాతం దాకా అటూఇటూ అయ్యే స్వేచ్ఛ ఉంది, కాబట్టి 34కూ 38కీ తేడా ఉందనుకోకూడదు. 34కూ 81కీ ఉంది.

జామ ఆయన ఎంపిక, మాకూ నచ్చింది. వంద గ్రాముల జామలో విటమిన్ సి 200 మి.గ్రా. పైన ఉంటుంది, మగవాళ్లకు రోజుకు కావలసింది 80. పీచు కూడా మిగతా పండ్లలో అంత దొరకదు. గింజలతో సహా, దోరకాయ, నాలుగున్నరకు, పక్కన 20 గ్రాముల వేయించిన శెనక్కాయలతో. భోజనం వెంటనే పండు తింటే సంగటి మీద అది కూడా చేరుతుంది, అందుకని వేరే వేళ.

కుదిరిన పళ్లెం

ఎనిమిదో వారం నుంచి రోజు ఇలా నడిచింది. పొద్దున 50 గ్రాముల పెసలతో రెండు పల్చటి పెసరట్లు, పైన ఎర్రగడ్డ, క్యారెట్ తురుము. ఆదివారం ఉగ్గాని కావాలన్నారు, 25 గ్రాముల బొరుగులకు వంద గ్రాముల ఎర్రగడ్డ, టమాటా, క్యాప్సికం వేసి, రెండు గుడ్లు పక్కన పెట్టి, బజ్జీ లేకుండా ఇచ్చాం. మధ్యాహ్నం 150 గ్రాముల సంగటి, మనిషికి వంద గ్రాముల ఆకు పడేలా పప్పాకు, 150 గ్రాముల కూర, ఒక కప్పు పెరుగు. ఊరిబిండి రెండు చెంచాలు. అది షుగర్‌ను లేపదు, కానీ శెనక్కాయల్లో సగానికి దగ్గరగా నూనే, బరువును లేపుతుంది. సాయంత్రం జామ. రాత్రి 40 గ్రాముల పిండితో ఒక జొన్నరొట్టె, 150 గ్రాముల కూర, గుడ్డో కోడికూరో. మొత్తం పిండిపదార్థం 125 నుంచి 130 గ్రాములు. లో-కార్బ్ అనడానికి సాధారణంగా పెట్టుకునే 130 గీత లోపలే. అందులో నాలుగు వందల గ్రాముల కూరగాయల వాటా పాతిక గ్రాములు కూడా లేదు. ఈ ఒక్క లెక్క కాగితం మీద చూపించడం, మేం చెప్పిన మాటలన్నింటికంటే ఎక్కువ పనిచేసింది.

ఖర్చు గురించి ఇంట్లో అడిగారు. పనీరు, కొబ్బరినూనె ఆగిపోయాయి, ఆ డబ్బుతో రైతుబజారులో వారానికి రెండుసార్లు ఆకుకూరలు. పప్పాకుకు పాత ఒక్క కట్ట స్థానంలో నాలుగు కట్టలు పడుతున్నాయి. వాటిని వలవడానికి పట్టే సమయమే అసలు ఖర్చు. ముందురోజు రాత్రి ఆయన కూడా కూర్చుని వలుస్తున్నారట.

ఫలితం

14 వారాలకు హెచ్‌బీఏ1సీ 6.9, బరువు 75, ఎల్‌డీఎల్ 94, ట్రైగ్లిజరైడ్లు 139. గట్టి డైట్‌లో 128 ఉన్నవి ఇక్కడ కాస్త పెరిగాయి, అది ఊహించిందే. ఎల్‌డీఎల్ దిగడంలో పెద్ద వాటా మాత్రదేనని మా అంచనా. మధ్యలో పొద్దుటి గ్లిమెపిరైడ్ కూడా ఆపేశారు. మెట్‌ఫార్మిన్ మీదే ఉన్నారు. షుగర్ పడిపోవడం ఆ తర్వాత ఒక్కసారి కూడా లేదు.

ఆరు నెలలకు 7.2. ఆ మూడు నెలల్లో రెండు పెళ్లిళ్లు, ఒక జాతర, మామిళ్ల కాలం. ఆయన రాసుకున్న పుస్తకం చూస్తే మామిడి వంద గ్రాములు దాటిన రోజులు ఎనిమిదే, ఓళిగలు (బొబ్బట్లు) తిన్నవి ఐదు. సంగటి మాత్రం తూకం మానేసి కంటితో పెట్టుకుంటున్నారు. తూచమంటే 240 వచ్చింది.

ఇదే పరిస్థితిలో వచ్చేవాళ్లకు ఇప్పుడు మా దగ్గర వరస మారింది. మొదటి రోజు మందుల మోతాదు, నిలబడి బీపీ, క్రియాటినిన్, పొటాషియం. రెండో రాకకు వంట చేసేవాళ్లు తప్పనిసరి. తిండిలో వారానికి ఒక్క మార్పు, దాని అంకె చేతికి వచ్చాకే రెండోది. పండు గురించి భయం ఉంటే ముందు చేతులు కడిగించి మీటర్ పెట్టించడం. గట్టి డైట్ చేసి వచ్చినవాళ్లను తిట్టం, వాళ్లు తగ్గించుకున్నది నిజంగానే తగ్గింది, దాని పక్కన పోయినవాటిని వెనక్కి తేవడమే మిగిలిన పని.

ఆయన సంగటి మళ్లీ 150కి వచ్చింది. వంటింట్లో తూకం పొయ్యి పక్కకు మారింది. సీతాఫలాల కాలం రాబోతోంది, వంద గ్రాముల గుజ్జుకు ఎంత లేస్తుందో పుస్తకంలో ఒక గీత గీసి ఖాళీ ఉంచారు.